2024-25 వార్షిక నివేదిక

అధ్యక్షులకు, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది కార్యవర్గం నాలుగుసార్లు కూర్చుంది. బడిపిల్లలకు వ్యాసరచన పోటీ, మెదక్ ఖిల్లా మెట్ల దగ్గర శ్రమదానం ఎప్పటిలాగే జరిగాయి. వివరాలు మినిట్స్ పుస్తకంలో ఉన్నాయి. నేను రాయాల్సింది చర్చి హెరిటేజ్ వాక్ గురించి.

2024 డిసెంబర్ 25తో మన మెదక్ చర్చికి నూరేళ్లు నిండాయి. ఉత్సవాల రద్దీ తగ్గాక, ఫిబ్రవరి రెండో శనివారం పొద్దున చర్చి గేటు నుంచి ఖిల్లా దాకా మొదటిసారి వాక్ పెట్టాం. సాయంత్రం పెట్టమని కొందరు అడిగారు. కానీ కిటికీ అద్దాల మీది క్రీస్తు జననం, శిలువ, ఆరోహణం బయటి వెలుతురుతోనే కనిపిస్తాయి. పొద్దుగూకితే లోపల ఎన్ని లైట్లు వేసినా లాభం లేదు. ఆరోహణం కిటికీ కింద పిల్లలు కూడా మాట్లాడకుండా నిలబడిపోయారు.

దారి చూపింది మన సభ్యులే, రిటైర్డ్ టీచర్ గారు. 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు, దాదాపు 175 అడుగుల గోపురం అంటూ అందరికీ తెలిసిన లెక్కతో ఆయన మొదలుపెట్టలేదు. కరువుతో మొదలుపెట్టారు. చర్చి కట్టించిన మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ దొర ఊరికే అన్నం పెట్టకుండా పని చూపించి తిండి పెట్టాలనుకోవడం, 1914లో పని మొదలై పదేళ్లు సాగడం చెప్పారు. మెతుకు సీమ అని పేరున్న మన మెదక్‌లో మెతుకు కోసం రాళ్లు మోసినవాళ్లు కట్టిన చర్చి అన్నారాయన. అప్పుడే గుంపులోంచి ఒక అవ్వ ముందుకొచ్చింది. "మా తాత గీ రాళ్లే మోసిండు బిడ్డా, కూలి కింద గింజలు ఇచ్చిన్రట" అంది. ఆ తాత పేరు ఏ పలక మీదా లేదు. ఆ పూటే ఆమె దగ్గర పేరు, ఊరు రాసుకున్నాం. అలా రాసుకోవడం ఈ ఏడాది మన సంఘం చేసిన అన్నిటికన్నా మంచి పని అని నా నమ్మకం.

ఖిల్లా దగ్గర మాత్రం ఇబ్బంది పడ్డాం. ద్వారం మీది గండభేరుండాన్ని (రెండు తలల పక్షి బొమ్మ), కాకతీయుల నాటి గోడలను, పైన కుతుబ్‌షాహీల మసీదును చూపించాలని ప్లాన్. మెట్ల మీది ముళ్లకంప తీయించమని సంబంధిత కార్యాలయానికి మూడు ఉత్తరాలు ఇచ్చాం, స్వయంగా వెళ్లి అడిగాం. ఒక్కరూ రాలేదు. పెద్దవాళ్లు సగం నుంచే దిగిపోవాల్సి వచ్చింది. వలంటీర్లుగా పేరిచ్చినవాళ్లు పదిమంది, వచ్చినవాళ్లు ముగ్గురు. రాలేమని ముందు రోజు ఫోన్ చేసినా ఆ టెన్షన్ ఉండేది కాదు.

చర్చి పాస్టర్ గారికి, కమిటీ పెద్దలకు, మజ్జిగ, అటుకులు పంచిన మహిళా సభ్యులకు, మైకు ఉచితంగా ఇచ్చిన సౌండ్ షాపు తమ్ముడికి, చివరిదాకా నిలబడ్డ ఆ ముగ్గురు పిల్లలకు మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.

ఆడిట్ అయిన లెక్కలు కోశాధికారి గారు విడిగా పంచుతున్నారు. ఖర్చు చందాల్లోనే సరిపోయింది, అప్పు లేదు.

చర్చి కట్టడంలో పనిచేసిన కూలీల కుటుంబాల పేర్లు రాయడానికి ఒక రిజిస్టర్ తెరిచాం. మీ ఇంట్లో, మీ వాడలో ఎవరి తాతముత్తాతలైనా ఉంటే ఈ సమావేశం అయ్యేలోపు నా దగ్గర రాయించండి. మొదటి పేజీలో ఇంకా ఒక్క పేరే ఉంది.

— కార్యదర్శి