స్కూల్ అంటే తీరికే, హోంవర్క్ మాత్రం ఉంది

తల్లిదండ్రులకు నమస్కారం.

సోమవారం నుంచి ఆఫీసు ఫోను ఒకటే మోత. అసెంబ్లీలో 'రోజుకో మాట' చెప్పే వంతు ఆ రోజు ఏడో తరగతి అబ్బాయిది. "స్కూల్ అనే మాట గ్రీకులో 'స్కోలే' నుంచి వచ్చింది, స్కోలే అంటే తీరిక" అని చెప్పి దిగిపోయాడు. నేను చప్పట్లు కొట్టాను. ఆ సాయంత్రం చాలా ఇళ్లలో పుస్తకాల సంచి తెరుచుకోలేదట. "హెడ్ సారే ఒప్పుకున్నారు" అన్నారట పిల్లలు. "తీరికకి ఇంత ఫీజా?" అని వాట్సాప్ గ్రూపులో ఒకరు అడిగారు.

అబ్బాయి చెప్పింది నిజమే. బతుకుతెరువు పనుల్లోంచి బయటపడ్డ సమయాన్ని గ్రీకులు స్కోలే అన్నారు. ఆ సమయంలో కూర్చుని వాదించుకునేవారు, నేర్చుకునేవారు. పోనుపోను ఆ చర్చలకీ, అవి జరిగే చోటుకీ అదే పేరు స్థిరపడింది. లాటిన్‌లో స్కోలా అయింది, ఇంగ్లీషు మీదుగా మన సిక్కోలు వచ్చి ఇస్కూలు అయింది. పనుల హడావుడికి గ్రీకులు పెట్టిన పేరు 'అస్కోలియా', అంటే తీరిక లేకపోవడం. అయితే ఆ తీరిక అందరిదీ కాదు. బానిసలు చాకిరీ చేస్తుంటే కొందరికి దక్కింది. మన దగ్గర వల లాగేవారి పిల్లలూ, జీడిపిక్కలు కొట్టేవారి పిల్లలూ పగలంతా బెంచీ మీద కూర్చుని చదువుకుంటున్నారు. ఫీజు ఆ తీరికకే.

అసలు సంగతి తర్వాత జరిగింది. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరు, వాళ్ల నాన్నకి కళింగపట్నంలో పడవ ఉంది, నా గదికి వచ్చి "మరి చేపల గుంపుని కూడా స్కూల్ అంటారు కదా సార్, చేపలకేం తీరిక?" అంది. నేను జవాబు చెప్పలేదు, లైబ్రరీకి పంపాను. పెద్ద నిఘంటువు బల్ల మీద పరిచి, వేలు పెట్టి చూసుకుంటూ పోయింది. స్కూల్ అనే మాట రెండుసార్లు కనిపించింది, పక్కన చిన్న అంకెలు ఒకటి, రెండు. రెండోది డచ్చి మాట, గుంపు అని అర్థం. చేపల గుంపుకే వాడే ఇంకో ఇంగ్లీషు మాట 'షోల్' దాని చుట్టమే. భీమిలిలో సమాధులున్నాయే, ఆ డచ్చివాళ్ల భాషే. రాతలో ఒకటే, పుట్టుక వేరు. అది కనిపెట్టినప్పుడు ఆ పిల్ల మొహం మీరు చూసి ఉండాల్సింది!

అందుకే ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నాను, ఇంట్లో ఒక నిఘంటువు కొనండి. సెకండ్ హ్యాండ్‌దైనా ఫర్వాలేదు. ఫోన్లో అర్థం అడిగితే ఆ ఒక్క మాటే దొరుకుతుంది. పుస్తకంలో వెతికితే పక్కనున్న పది మాటలు ఊరికే వస్తాయి. 1863లో మన జిల్లాలోనే పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవర గిరిజనుల దగ్గర కూర్చుని వాళ్ల భాష నేర్చుకున్నారు, ఒక్కో మాటా పోగుచేసి 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు తెచ్చారు. అలాంటి నేల మీద పుట్టి మన పిల్లలు పుట తిప్పడానికి బద్ధకిస్తుంటే నాకు మనసొప్పదు.

మీ మీద గౌరవంతోనే ఇంకో మాట. బడి వదలగానే ట్యూషన్, ట్యూషన్ నుంచి ఇంకో ట్యూషన్, అది అయ్యాక అర్ధరాత్రి దాకా ఫోను. మొదటి పీరియడ్‌లో పిల్లలు తూలుతుంటే టీచర్లు ఏం చేస్తారు? పిల్లవాడికి తీరిక లేకుండా చేసింది మేం కాదు. క్లాసు జరుగుతుండగా "మావాడు టిఫిన్ తిన్నాడా" అని ఫోన్ చేయడం కూడా దయచేసి తగ్గించండి, తిన్నాడు.

రెండో టర్మ్ ఫీజు, దసరా సెలవుల వివరాలు డైరీలో అతికించాం. వానలకి బస్సులు పది నిమిషాలు ఆలస్యం కావచ్చు. బెల్టులు ఆఫీసులో ఉన్నాయి.

శనివారం పేరెంట్స్ మీటింగ్‌కి తప్పక రండి. సైన్స్ ప్రాజెక్టుల ప్రదర్శన కూడా అప్పుడే. ఎనిమిదో తరగతిలో కొన్ని నమూనాలు మరీ చక్కగా ఉన్నాయి, వాటిని తయారుచేసిన నాన్నగార్లు దగ్గరుండి వివరిస్తే పిల్లలకి కూడా అర్థమవుతుంది.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు
శ్రీకాకుళం