మన ఆవరణలోని నెట్‌వర్క్: నివాసితుల సంక్షేమ సంఘం వార్షిక నివేదిక

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

ప్రతి ఏటా ఈ నివేదికలో నీటి మోటార్లు, లిఫ్టు మరమ్మతులు, వినాయక చవితి పందిరి ఖర్చు ముందు వరసలో ఉండేవి. ఈసారి వాటి లెక్కలన్నీ కోశాధికారి విడిగా పంచుతున్న పత్రంలో ఉన్నాయి కనుక, కార్యవర్గం సమయాన్ని అన్నిటికన్నా ఎక్కువగా తినేసిన పని గురించే, అంటే విశాఖ మధురవాడలోని మన మూడు బ్లాకులను కలిపే లోకల్ నెట్‌వర్క్‌ను బాగుచేసిన సంగతే, ఇక్కడ వివరంగా రాస్తున్నాను. సభ్యుల డబ్బుతో చేసిన పని సభ్యులకు అర్థం కావాలి. కేబుళ్లు మార్చాము అని ఒక్క వాక్యంలో ముగిస్తే అది నివేదిక అనిపించుకోదు.

కార్యాలయంలోని ఫిర్యాదుల పుస్తకం తిరగేస్తే 'నెట్ లేదు' అన్న మాట పేజీ పేజీకీ కనిపిస్తుంది. ఆ ఒక్క మాట కింద రెండు వేరువేరు జబ్బులు దాగి ఉన్నాయని ఏడాది మొదట్లో మాకూ సరిగ్గా తట్టలేదు. గేటు లోపల కెమెరాలు, కార్యాలయం కంప్యూటరు, చదువుల గదిలోని ప్రింటరు, బ్లాకుల మధ్య ఇంటర్‌కామ్ ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఏర్పాటు లోకల్ నెట్‌వర్క్. అది మన ఆస్తి, దాని బాగోగులు మనవే. గేటు దాటి బయటికి వెళ్లే దారి ఇంటర్నెట్. దాన్ని నెలనెలా డబ్బు కట్టి తీసుకుంటున్నాము. రెండింటి నడుమ గుమ్మంలా ఉండే పరికరం రౌటరు. కార్యాలయంలో ప్రింటు వస్తోంది గానీ ఫోనులో వీడియో కదలడం లేదంటే జబ్బు గుమ్మం అవతల ఉన్నట్టు. ఇంటర్నెట్ కంపెనీకి ఫోను చేయాలి. ప్రింటు కూడా రాకపోతే కార్యదర్శి తలుపు తట్టాలి. ఈ చిన్న పరీక్షను నోటీసు బోర్డు మీద అంటించాక నా తలుపు చప్పుడు చాలా తగ్గిందని సంతోషంగా తెలియజేస్తున్నాను.

ఆ ప్రింటు ఎలా వస్తుందో చూస్తే మిగతా నివేదికంతా తేలికవుతుంది. కార్యాలయం కంప్యూటరు నుంచి మెయింటెనెన్సు రసీదు పంపినప్పుడు, ఆ కంప్యూటరుకు తెలిసింది ప్రింటరు ఐపీ చిరునామా మాత్రమే, మన విషయంలో 192.168.1.20. ఇది ఫ్లాటు నంబరు వంటిది; అద్దెకున్నవారు మారినట్టే ఒక చిరునామాలోని పరికరం మారవచ్చు. 192.168తో మొదలయ్యే అంకెలను ఇళ్లలోనూ ఆఫీసుల్లోనూ ఎవరైనా లోపలి వాడకానికి పెట్టుకోవచ్చని 1996లో నియమం వచ్చింది; అందుకే మన చిరునామాలే పక్క అపార్టుమెంటులోనూ కనిపించినా గొడవ ఉండదు. ప్రతి పరికరానికీ తయారీలోనే ఇచ్చే మరో గుర్తు మ్యాక్ చిరునామా, 48 బిట్ల సంఖ్య. దానిలో మొదటి సగం తయారీదారును తెలుపుతుంది. కంప్యూటరు ముందుగా '192.168.1.20 ఎవరిది?' అని నెట్‌వర్క్‌లో అందరికీ వినిపించేలా కేక వేస్తుంది. అందరూ వింటారు, ప్రింటరు ఒక్కటే తన మ్యాక్ చిరునామా చెబుతూ బదులిస్తుంది. ఆ తర్వాత రసీదు ముక్కలుగా బయలుదేరుతుంది. ఒక్కో ముక్కను ఫ్రేము అంటారు. దానిలో గరిష్ఠంగా 1500 బైట్ల సరుకే పడుతుంది కాబట్టి, రెండు మెగాబైట్ల ఫొటో ఒకటి పంపితే దాదాపు 1400 ముక్కలవుతాయి. ప్రతి ముక్క చివరా ఒక సరిచూపు అంకె ఉంటుంది. లెక్క తప్పిన ముక్కను అందుకున్న పరికరం మారు మాట లేకుండా పారేస్తుంది, పంపిన కంప్యూటరు దాన్ని మళ్లీ పంపుకుంటుంది.

పరికరాల కేబుళ్లన్నీ వచ్చి కలిసే పెట్టెను స్విచ్ అంటారు; దారిలో ఉన్న ఆ స్విచ్‌ది మన కొత్త వాచ్‌మన్ పద్ధతే. చేరిన కొత్తలో అతనికి ఎవరు ఏ ఫ్లాటో తెలియక, కొరియర్ వస్తే ప్రతి అంతస్తుకూ వెళ్లి అడిగేవాడు. ఎవరు ఏ తలుపు నుంచి బయటికి వస్తున్నారో గమనించి వారంలో అందరినీ గుర్తుపట్టాడు. స్విచ్ కూడా ఏ పోర్టు (కేబులు గుచ్చే రంధ్రం) నుంచి ఏ మ్యాక్ చిరునామా వచ్చిందో చూసి పట్టికలో రాసుకుంటుంది, తెలియని చిరునామాకు ఏదైనా వస్తే అన్ని పోర్టులకూ పంపుతుంది, కొంతసేపు అలికిడి లేకపోతే, చాలా స్విచ్‌లలో 300 సెకన్లు, ఆ పేరు కొట్టేస్తుంది. ఒక్క తేడా ఏమిటంటే మన వాచ్‌మన్‌కు అనుమానంగా అనిపించే పని అయితే ఆగి అడుగుతాడు, స్విచ్ అడగదు. దీని ఫలితం జులైలో అనుభవించాము.

చదువుల గదికి రంగులు వేసిన మరునాడు, బల్ల కింద వేలాడుతున్న కేబులు కొసను చూసి ఎవరో మంచి మనసుతోనే స్విచ్‌లో ఖాళీగా ఉన్న రంధ్రంలో గుచ్చారు. రెండో కొస అప్పటికే అదే స్విచ్‌లో ఉంది. పది నిమిషాల్లో కెమెరాలు, ఇంటర్‌కామ్, ప్రింటరు అన్నీ మూగబోయాయి. స్విచ్ మీది పచ్చ దీపాలన్నీ ఒకేసారి, దీపావళి తారాజువ్వల్లా గుక్క తిప్పుకోకుండా మిణుకుతున్నాయి. అందరికీ వినిపించేలా వేసిన కేక ఒక కొస నుంచి వెళ్లి రెండో కొస నుంచి తిరిగి వచ్చి, మళ్లీ అందరికీ పంపబడి, ఇలా అంతులేకుండా తిరుగుతూ పెరిగిపోయింది. ఫ్రేము లోపల ప్రయాణించే, ఐపీ చిరునామాలు రాసిన పొట్లాన్ని ఐపీ ప్యాకెట్ అంటారు; దానిలో ఇన్ని రౌటర్ల గడపలు దాటాక చచ్చిపోవాలని ఒక లెక్క ఉంటుంది. ఫ్రేముకు అటువంటి ఆయుష్షు లెక్క లేదు. ఈ చుట్టును దానంతట అదే కనిపెట్టి ఒక దారిని మూసేసే స్పానింగ్ ట్రీ పద్ధతిని 1985లో రేడియా పెర్ల్‌మన్ అనే ఇంజనీరు రూపొందించారు. మన పాత స్విచ్‌కు ఆ తెలివి లేదు. ఆ ఒక్క కారణంతోనే మూడు బ్లాకులకూ ఆ సదుపాయమున్న స్విచ్‌లు కొన్నాము. ధర ఎక్కువైందని సర్వసభ్య సమావేశంలో అడగబోయే వారికి ఇదే జవాబు.

రెండో సంఘటన ఇంకా తికమకపెట్టింది. దసరా సెలవుల్లో సగం మంది ఫోన్లకు ఇంటర్నెట్ వచ్చి, సగం మందికి రాలేదు. ఎవరికి రాలేదో వారి ఫోన్లలో చిరునామా 192.168.0తో మొదలవుతోంది, మన పద్ధతి ప్రకారం 192.168.1 ఉండాలి. నెట్‌వర్క్‌లోకి కొత్తగా వచ్చిన పరికరం 'నాకో చిరునామా ఇవ్వండి' అని అడుగుతుంది, ఆ పంపిణీ చేసే పనిని డీహెచ్‌సీపీ అంటారు. ఎవరు ముందు బదులిస్తే వారి మాటే చెల్లుతుంది. ఒక సభ్యులు తమ ఇంటి వైఫై రౌటరును తీసుకొచ్చి గోడలోని సాకెట్టుకు, ఇంటర్నెట్ పోర్టుకు బదులు పక్కనున్న లాన్ పోర్టుతో (లోపలి నెట్‌వర్క్ కోసం ఉండేది) తగిలించారు. దాంతో ఆవరణలో చిరునామాలు పంచే యజమానులు ఇద్దరయ్యారు. పేరు అనవసరం. ఆయనే ఆ తర్వాత సాకెట్లన్నిటికీ చీటీలు అంటించే పని మీద వేసుకున్నారు. ఇకపై సంఘం సాకెట్టుకు సొంత రౌటరు తగిలించే ముందు కార్యాలయానికి చెప్పాలని మనవి.

కేబుళ్ల సంగతికి వస్తే, విశాఖలో ఉన్నవారికి కొత్తగా చెప్పాల్సింది లేదు. కిటికీ చువ్వల్నీ టెర్రస్ మీది ఇనుప నిచ్చెననూ తినేసే ఉప్పుగాలే కేబులు కొసల్నీ తింటుంది. సీ బ్లాకు కెమెరాలు సాయంత్రం పూట నత్తనడక నడుస్తున్నాయని ఫిర్యాదు వస్తే, టెర్రస్ మీద కొస ఊడదీసి టార్చి వేసి చూశాము. గోరంత ప్లాస్టిక్ కొసలో వరసగా ఎనిమిది పలుచని రాగి రేకులు. వాటిలో మూడింటికి పచ్చగా చిలుము పట్టి ఉంది, నీలం తీగ ఒకటి రేకు దగ్గరే తెగి ఉంది. మిగిలిన తీగలతో కనెక్షను చక్కగా కనిపిస్తూనే ఉంది, దీపం వెలుగుతూనే ఉంది. సెకనుకు 100 మెగాబిట్ల వేగానికి నాలుగు తీగలు చాలు, 1000 మెగాబిట్లకు ఎనిమిదీ కావాలి. ఒక జత పోయేసరికి మన స్విచ్ చప్పుడు చేయకుండా 100కు దిగిపోయింది. ఒక్కో కెమెరాకు నాలుగు మెగాబిట్ల చొప్పున ఇరవై కెమెరాలు 80 మెగాబిట్లు తీసుకుంటుంటే, కార్యాలయంలో పాత రికార్డింగు తెరవగానే దారి కిక్కిరిసిపోయేది. ఇక్కడే మరో మాట: వేగం బిట్లలో, ఫైళ్ల పరిమాణం బైట్లలో చెబుతారు. ఎనిమిది బిట్లు ఒక బైటు కనుక 100 మెగాబిట్లంటే సెకనుకు పన్నెండున్నర మెగాబైట్లే. వంద అనుకుని మోసపోయామని కంపెనీతో పోట్లాడనక్కరలేదు.

'ఎ' బ్లాకు నుంచి 'సి' బ్లాకుకు ప్రహరీ వెంట లాగిన రాగి కేబులు పొడవు కొలిస్తే 130 మీటర్లు తేలింది. ఈ రకం కేబులుకు ప్రమాణం 100 మీటర్లే. ఆ పైన సంకేతం సన్నగిల్లుతుంది. పైగా భవనాల మధ్య రాగి తీగ ఉంటే పిడుగు పడినప్పుడు రెండు వైపులా పరికరాలు కాలిపోయే ప్రమాదముంది. అందుకే ఆ దారిలో ఫైబరు వేయించాము. గాజు తీగలో వెళ్లేది వెలుగు కనుక దానికి పిడుగు భయమూ లేదు, చిలుమూ లేదు.

వేసవి సెలవుల్లో ఆదివారాలు పిల్లలకు కేబులు కొసలు బిగించడం నేర్పాము. తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ అని వరసను ఎక్కంలా వల్లె వేశారు. తీగల్ని జతలుగా మెలిపెట్టడం వల్ల బయటి అలజడి రెండింటి మీదా సమానంగా పడి రద్దవుతుందని, ఈ ఉపాయానికి 1881లోనే గ్రాహంబెల్ పేటెంటు తీసుకున్నారని చెబితే ఆశ్చర్యపోయారు. తీగలతో లోకల్ నెట్‌వర్క్‌ను నడిపే ఈ పద్ధతి పేరు ఈథర్‌నెట్; దాని పుట్టుక కూడా చెప్పాము: హవాయి దీవుల్లోని విశ్వవిద్యాలయం రేడియోతో కంప్యూటర్లను కలిపిన ప్రయత్నాన్ని చూసి, 1973 మే 22న రాబర్ట్ మెట్‌కాఫ్ జిరాక్స్ పరిశోధన కేంద్రంలో తన ఆలోచన కాగితం మీద పెట్టారు; ఆయన, డేవిడ్ బాగ్స్ కలిసి చేసిన తొలి నెట్‌వర్క్ వేగం సెకనుకు 2.94 మెగాబిట్లు. అప్పట్లో అందరిదీ ఒకే తీగ, ఇద్దరు ఒకేసారి మాట్లాడితే మాటలు ఢీకొనేవి, ఇద్దరూ ఆగి చెరో కొంతసేపు ఎదురుచూసి మళ్లీ పంపేవారు. స్విచ్‌లు వచ్చాక తీగల్లో ఆ బెడద తీరింది గానీ, వైఫైలో గాలి ఇప్పటికీ ఉమ్మడి ఆస్తే. మన మూడు వైఫై పెట్టెల్ని వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ రేడియో పట్టీలో ఒకదానిపై ఒకటి పడని 1, 6, 11 చానళ్లకు విడదీశాక రద్దీ కొంత తగ్గింది.

ఆ తరగతిలో ఒక అబ్బాయి 'ఇంటర్నెట్ లేనప్పుడు ఈ లోపలి నెట్‌వర్క్ ఉండి ఏం లాభం?' అని అడిగాడు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటాక కరెంటు లేక, ఫోన్లు మోగక రోజులు గడిపిన పెద్దలు ఆ గదిలోనే ఉన్నారు. నేను చెప్పేలోపే వారు అందుకున్నారు. బయటి దారులన్నీ తెగినా, స్విచ్‌లకు కరెంటు అందితే చాలు, సీ బ్లాకు ఐదో అంతస్తు నుంచి గేటుకు ఇంటర్‌కామ్ మోగుతుంది.

అందుచేత వచ్చే ఏడాదికి రెండు ప్రతిపాదనలు సభ్యుల ముందుంచుతున్నాము. మూడు స్విచ్‌లకూ రౌటరుకూ యూపీఎస్ అమర్చాలి. అలాగే అతిథుల వైఫైలోని ఫోన్లకు కెమెరాలు కనిపించకుండా, ఒకే స్విచ్‌లో రెండు వేరు నెట్‌వర్క్‌లుగా విడదీయాలి. అనుమతించిన ఫోన్ల మ్యాక్ చిరునామాలతో జాబితా పెట్టి చూశాము గానీ, ఇప్పటి ఫోన్లు వైఫైలో తమ అసలు గుర్తును దాచి మారు గుర్తు చూపుతాయి, కాబట్టి ఆ జాబితా నిలవలేదు. కేబుళ్ల పటం, పోర్టుల రిజిస్టరు, స్విచ్ బీరువా తాళంచెవి 'ఎ' బ్లాకు కార్యాలయంలో ఉన్నాయి. తాళంచెవి తీసుకున్నవారు రిజిస్టరులో సంతకం చేసి, ఏ కేబులు ఎక్కడి నుంచి ఎక్కడికి మార్చారో అక్కడే రాయవలసిందిగా కోరుతున్నాము.

కార్యదర్శి