ఆస్తి మైనస్, ధర 105 కోట్లు

ఒరేయ్ శీనూ,

ముందు తిట్టుకో, తర్వాత చదువు. నీ ఉత్తరం వచ్చాక సంక్రాంతి వెళ్లిపోయింది, శివరాత్రి వెళ్లిపోయింది, ఇప్పుడు రాస్తున్నాను. మార్చిలో ఆడిట్ ఆఫీసు ఎలా ఉంటుందో నీకు తెలుసు కాబట్టి సాకులు చెప్పను.

గబగబా వార్తలు. అమ్మ బాగానే ఉంది, మోకాళ్ల నొప్పులు మామూలే. చిన్నది నడక మొదలెట్టింది, ఇంట్లో ఒక్క గిన్నె కూడా ఉన్నచోట ఉండట్లేదు. ఇల్లు మారాం, వీధి అదే. మనం పచ్చచొక్కా అని పిలిచేవాడు మొన్న బస్టాండులో కనపడ్డాడు. అదే నవ్వు. "శీను ఎలా ఉన్నాడు?" అన్నాడు, నేను "నీ మీద బెంగతో ఉన్నాడు" అన్నాను. నువ్వు నవ్వుకుంటావని తెలుసు. అయిపోయాయి వార్తలు.

ఇక అసలు సంగతి. పోయినసారి ఫోన్లో అడిగావు గుర్తుందా, హీరోకి పారితోషికం బదులు నైజాం హక్కులు, అంటే తెలంగాణ వైపు సినిమా ఆడించుకునే హక్కులు, రాసిచ్చేస్తే నిర్మాతకి లాభమా నష్టమా అని? అప్పుడేదో గొణిగి తప్పించుకున్నాను. మొన్న మా సారు జూనియర్లకి గుడ్‌విల్ గురించి, అంటే ఒక కంపెనీని కొన్నప్పుడు దాని ఆస్తుల విలువకి మించి కట్టిన డబ్బు గురించి చెబుతూ ఒక చైనా సినిమా కంపెనీ కథ ఎత్తారు. అంతే, ఆ రాత్రి నుంచి దాన్నే పట్టుకు వేలాడుతున్నాను. మా ఆవిడైతే "ఆ చైనావాళ్లకి అన్నం పెట్టమంటారా?" అని అడుగుతోంది.

కంపెనీ పేరు హువాయి బ్రదర్స్. ఫోన్ల హువావే కాదు, ఇది వేరే. 2015 నవంబరులో వీళ్లు ఇంకో కంపెనీలో 70 శాతం వాటా కొన్నారు. ధర 105 కోట్ల యువాన్లు. అప్పుడు యువాన్ అంటే మన పది రూపాయలు పైచిలుకు, కాబట్టి వెయ్యి కోట్లు దాటింది. ఇప్పుడు కుర్చీలో సరిగ్గా కూర్చో. ఆ కొన్న కంపెనీ వయసు రెండున్నర నెలలు. దాని మొత్తం ఆస్తులు 13,600 యువాన్లు. అప్పులు 19,100. తీసేసి చూసుకుంటే మైనస్ 5,500! ఆస్తులన్నీ అమ్మితే మహా అయితే ఒక బైకు వస్తుంది. పేరు డోంగ్‌యాంగ్ మెయిలా. ఓనరు ఎవరంటే ఫెంగ్ షియావోగాంగ్, చైనాలో పెద్ద డైరెక్టరు, అప్పటికే హువాయికి ఇంటిమనిషి.

అంతకు నెల ముందుది ఇంకా దారుణం. డోంగ్‌యాంగ్ హావోహాన్ అని ఒక కంపెనీ అక్టోబరు 21న పుట్టింది. 22న హువాయి దాంట్లో 70 శాతం 75.6 కోట్ల యువాన్లకి కొంటున్నట్టు ప్రకటించింది. వయసు ఒక్క రోజు! పురుడు కూడా పోయలేదురా. వాటాదారులు ఆరుగురు కుర్ర నటీనటులు: ఏంజెలాబేబీ, లీ చెన్, జెంగ్ కై లాంటివాళ్లు. టీవీలో పరుగులు పెట్టే ఆటల షో ఒకటి చైనాలో ఊగిపోయింది చూడు, వాళ్లలో కొందరు ఆ బ్యాచే.

"మోసమా?" అని అడిగాడు మా జూనియర్. సారు నవ్వి, "అంతా పద్ధతి ప్రకారం ప్రకటించి చేసిందే, అందుకే పాఠంగా చెబుతున్నా" అన్నారు. నాకు మాత్రం అది సరిపోలేదు. ఇంత తెలివైనవాళ్లు ఇలా ఎందుకు చేశారు? అక్కణ్ణుంచి వెనక్కి తవ్వుకుంటూ పోయాను.

హువాయి పెట్టింది ఇద్దరు అన్నదమ్ములు: అన్న వాంగ్ జోంగ్‌జున్, తమ్ముడు వాంగ్ జోంగ్‌లే. అన్న చిన్నతనంలోనే సైన్యంలో చేరాడు, బొమ్మలేసే పిచ్చి, 1989లో అమెరికా వెళ్లాడు. అక్కడ చదువుకుంటూ, ఇంటింటికీ భోజనాలు అందించే పని చేస్తూ, ఆయనా భార్యా కలిసి లక్ష డాలర్లు వెనకేశారు. 1994లో బీజింగ్ తిరిగొచ్చి తమ్ముడితో కలిసి కంపెనీ పెట్టాడు. సినిమాకి కాదు, ప్రకటనలకి. బ్యాంక్ ఆఫ్ చైనాకి దేశమంతా ఉన్న వేల శాఖల్లో ఒక్కోచోట ఒక్కో రకం బోర్డు ఉండేదట. అన్నీ ఒకేలా మార్చే పని వీళ్లకి దొరికింది. మొదటి డబ్బు అక్కడ. బోర్డుల డబ్బుతో సినిమా! మన సుబ్బరాజు బాబాయి ఈ ముక్క వింటే "నేను చెప్పలా?" అని లుంగీ ఎగ్గడతాడు.

తర్వాత ఒక టీవీ సీరియల్, దాంట్లో లాభం. రుచి మరిగారు. 1998 ప్రాంతంలో ముగ్గురు డైరెక్టర్ల మీద పెట్టుబడి పెట్టారు: ఫెంగ్ షియావోగాంగ్, చెన్ కైగె, జియాంగ్ వెన్. జియాంగ్ వెన్ సినిమాకి 2000లో కాన్స్‌లో గ్రాండ్ ప్రి వచ్చింది, సొంత దేశంలో నిషేధం వచ్చింది. డబ్బు తెచ్చింది ఒక్క ఫెంగ్ సినిమా, కొత్త సంవత్సరానికి వేసే నవ్వుల సినిమా. అప్పుడే వాళ్లకి అర్థమైపోయినట్టుంది, కంపెనీ అంటే ఫెంగే అని. అదే ఏళ్లలో తారల డేట్లు చూసే ఏజెన్సీ కూడా పెట్టారు. వాంగ్ జింగ్‌హువా అనే ఆవిడ నడిపింది. చైనాలో సగం పెద్దమొహాలు ఆవిడ చేతి కిందే ఉండేవి.

2005లో ఆవిడ వెళ్లిపోయింది. ఒంటరిగా కాదు, చాలామంది తారల్ని వెంటబెట్టుకుని.

నా లెక్కలో కథ మొత్తం ఇక్కడే తిరిగింది. సినిమా కంపెనీకి ఏముంటుందిరా? యంత్రాలుండవు, గోడౌన్లుండవు. సాయంత్రం ఏడింటికి కారెక్కి వెళ్లిపోయే మనుషులే ఆస్తి. ఆ దెబ్బ తిన్నాక అన్నదమ్ములు ఏం చేసినా, తారల కాళ్లకి బంగారు గొలుసు ఎలా వెయ్యాలి అన్నదే ఆలోచన అనిపిస్తుంది నాకు. మొదటి గొలుసు షేర్లు. 2009 అక్టోబరు 30న షెంజెన్‌లో చైనెక్స్ట్ అనే కొత్త మార్కెట్ మొదలైంది, మొదటి బ్యాచ్ 28 కంపెనీల్లో హువాయి ఒకటి. ఇష్యూ ధర 28.58 యువాన్లు, సాయంత్రానికి 70.81. ఫెంగ్ దగ్గర 28 లక్షల 80 వేల షేర్లు. గుణించుకో, నీకు లెక్కలంటే పడవుగా, నేనే చెబుతా: ఇరవై కోట్ల యువాన్లు పైన, ఒక్క సాయంత్రంలో! హువాంగ్ షియావోమింగ్, లీ బింగ్‌బింగ్ లాంటి నటుల దగ్గరా షేర్లున్నాయి. అలీబాబా జాక్ మా కూడా వాటాదారే. మరుసటేడు తాంగ్‌షాన్ భూకంపం మీద ఫెంగ్ తీసిన సినిమా రికార్డులు తిరగరాసింది. 2014 నాటికి పెద్దన్న న్యూయార్క్ వేలంలో వాన్ గో పూలబొమ్మ 6 కోట్ల 18 లక్షల డాలర్లకి కొన్నాడు. బోర్డులతో మొదలై వాన్ గో దాకా, ఇరవయ్యేళ్లు.

కానీ షేర్లతో ఒక చిక్కు. తార వాటిని అమ్ముకుని వెళ్లిపోవచ్చు. అందుకని రెండో గొలుసు: తారతోనే కంపెనీ పెట్టించి, ఆ కంపెనీని కొనెయ్యడం. మెలిక చూడు. ఫెంగ్‌కి రాబోయే ఐదేళ్ల సంపాదన ఇప్పుడే ఒక్కసారి చేతిలో పెట్టారు. బదులుగా ఆయన రాసిచ్చాడు, 2016లో నా కంపెనీ 10 కోట్ల యువాన్ల లాభం చూపిస్తుంది, 2020 దాకా ఏటా 15 శాతం పెరుగుతుంది, తగ్గితే నా జేబులోంచి కడతాను అని. అంటే మనిషి కష్టాన్నే కంపెనీ అని పేరు పెట్టి కొన్నారు. పుస్తకాల్లో ఎలా రాస్తారు? ఆస్తి మైనస్ కదా, కట్టిన డబ్బు దాదాపు మొత్తం గుడ్‌విల్ ఖాతాలోకి. జీతంగా ఇచ్చుంటే ఖర్చయ్యేది, లాభం తగ్గేది. ఇలా అయితే అది ఆస్తి! షేరు పెరుగుతున్నంతకాలం అందరూ హ్యాపీ. దొంగతనం లేదు, కానీ చదువుతుంటే నాకు చేతులు చల్లబడ్డాయి.

2018లో తెగింది. ఫెంగ్ 2003లో సెల్‌ఫోన్ చుట్టూ తీసిన సినిమాకి రెండో భాగం మొదలెట్టాడు. మొదటి భాగం తన్నే వెక్కిరించిందని పదిహేనేళ్లుగా రగులుతున్న టీవీ యాంకరు ఒకాయన, త్సుయీ యోంగ్‌యువాన్, మే నెలాఖర్లో సినిమా కాంట్రాక్టుల ఫొటోలు నెట్‌లో పెట్టాడు. ఒకటి పన్నులవాళ్లకి చూపేది, ఒకటి అసలుది, ఇలా జంట కాంట్రాక్టులు నడుస్తున్నాయని ఆయన మాట. పదిహేనేళ్ల కోపం రా! జూన్ 4న హువాయి షేరు ఒక్కరోజులో పది శాతం, అంటే మార్కెట్ పడనిచ్చే కింది హద్దు దాకా పడింది. పరిశ్రమంతా పన్నుల తనిఖీలు, ఆ సినిమా ఆగింది. ఫెంగ్ మాటిచ్చిన లాభం ఆ ఏడు రాలేదు, తగ్గింది తనే కట్టాడు. కంపెనీ నష్టం వంద కోట్ల యువాన్లు దాటింది, అందులో పెద్ద ముక్క గుడ్‌విల్ కొట్టివేతే, అంటే ఆ ఖాతాలో రాసుకున్న విలువ ఇక లేదని ఒప్పుకుని నష్టంగా రాసెయ్యడం. 2019లో 400 కోట్లకి దగ్గర. ఆ 2019 జూన్‌లోనే హువాయి సినిమా 'ద ఎయిట్ హండ్రెడ్' షాంఘై సినిమా పండగలో వెయ్యాల్సింది, "సాంకేతిక కారణాలు" అని ఆఖరి నిమిషంలో ఆపేశారు. పెద్దన్న బొమ్మలు కొన్ని అమ్ముకోవాల్సి వచ్చింది. 2020 ఆగస్టులో అదే సినిమా విడుదలై 310 కోట్ల యువాన్లు వసూలు చేసింది, కోవిడ్ ఏడాదిలో! అయినా ఆ ఏడూ నష్టమే, ఆ తర్వాతా అంతే.

సరే, నీ ప్రశ్న. నైజాం రాసివ్వడం వేరు. అక్కడ సినిమా ఆడకపోతే హీరోకీ పోతుంది, ఆడితే ఇద్దరికీ. హువాయి చేసింది ఆడకముందే ఇచ్చెయ్యడం. అందుకే నా ఓటు నైజాంకే. కానీ మీ మామయ్య చెప్పిన పద్ధతి, అదే, హీరో తమ్ముడి బ్యానర్‌ని మనమే కొనెయ్యడం అన్నాడు చూడు, దాని గురించి నాకు ఇంకో అనుమానం ఉంది. బ్యాలెన్స్ షీట్ పంపమని అడుగు ముందు. ముఖ్యంగా అప్పుల పక్క...

సారు పిలుస్తున్నారు, క్లయింటు వచ్చాడట. కొరియర్ కుర్రాడు కూడా గుమ్మంలోనే ఉన్నాడు, ఇప్పుడివ్వకపోతే మళ్లీ ఉగాదే. ఆ బ్యాలెన్స్ షీట్ వచ్చేదాకా సంతకం పెట్టకు. మిగతాది ఫోన్లో.

నీ
రాంబాబు