కార్యక్రమాల కబురు వారం ముందే వేయండి

సంపాదకులకు నమస్కారం.

మీ జిల్లా అనుబంధంలో వచ్చే ‘నేటి కార్యక్రమాలు’ శీర్షిక గురించి రాస్తున్నాను. పేపరు రాగానే నేను ముందు తిప్పేది ఆ పేజీయే. ‘సాయంత్రం 6 గంటలకు సాంస్కృతిక కార్యక్రమాలు. ముఖ్య అతిథి ఫలానా, విశిష్ట అతిథి ఫలానా, ఆత్మీయ అతిథులు ఫలానా ఫలానా’ అని ఉంటుంది. ఆ సాంస్కృతిక కార్యక్రమాలేమిటో మాత్రం ఉండదు. కూచిపూడా, హరికథా, పిల్లల సినిమా డాన్సులా? వెళ్తేగానీ తెలియదు. పెళ్లి శుభలేఖలో వధూవరుల పేర్లు వదిలేసి, వచ్చే బంధువుల పేర్లు మాత్రం వేసినట్టుంది.

పైగా పొద్దున చదివి సాయంత్రానికల్లా బయల్దేరాలి. ఇంట్లో పెద్దావిడను ఎవరికో ఒకరికి అప్పగించి రావాల్సిన నాలాంటివాళ్లకు అది కుదిరే పని కాదు. మర్నాడు శాలువా కప్పుతున్న ఫొటో మాత్రం మూడు కాలమ్‌ల వెడల్పున వస్తుంది.

నేను అడిగేది, ప్రతి శనివారం ఒక అర పేజీ. రాబోయే వారంలో తెనాలి, గుంటూరు, పొన్నూరు చుట్టుపక్కల ఏం జరగబోతున్నాయో అందులో వేయండి. రేపల్లె, చిలకలూరిపేట కూడా కలపండి. 2022లో కొత్త జిల్లాలు వచ్చాక రేపల్లె బాపట్లలోకి, చిలకలూరిపేట పల్నాడులోకి వెళ్లాయి. అప్పట్నుంచి అక్కడి కబుర్లు మా ఎడిషన్‌లో కనబడడమే తగ్గిపోయింది. జిల్లాలు విడిపోయాయి గానీ నాటకాలు చూసేవాళ్లం విడిపోలేదు కదండీ.

నిర్వాహకులు ఆలస్యంగా పంపితే మేమేం చేస్తాం అని మీరు అనవచ్చు. చిన్నాచితకా సభల సంగతిలో అది నిజమే. కానీ మన వైపు నాటక పోటీలు పెట్టే పరిషత్తుల పద్ధతి అలా ఉండదు. నెలల ముందే ఎంట్రీలు పిలుస్తారు. పరిశీలకులు నాటక సమాజాల దగ్గరికి వెళ్లి ప్రదర్శనలు చూసి ఎంపిక చేస్తారు. ఏ రోజు ఏ నాటిక, ఏ ఊరి సమాజం, రచన ఎవరిది, దర్శకుడెవరు అన్నీ కరపత్రంలో అచ్చవుతాయి. ఆ కరపత్రం వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంటుంది. నాటకం వాళ్లు నాటకం వాళ్లకే పంపుకుంటారు, అంతే. బయటి ప్రేక్షకుడికి చేరే దారి పేపరొక్కటే. మూడు రోజుల పోటీల్లో ముందు వరసల్లో కూర్చునేది ఎక్కువగా తమ వంతు కోసం చూస్తున్న నటులే అయితే, ఆదరణ లేదని వేదికెక్కి వాపోయి లాభమేమిటి?

పాత రోజుల పద్యనాటకం కరపత్రాలు మా ఇంట్లో ఇంకా రెండు మూడున్నాయి. ‘రాత్రి 9-30 గం.లకు శ్రీకృష్ణ రాయబారం’ అని పెద్ద అక్షరాలు, కింద పాత్రధారుల పట్టిక. ఒకే నాటకంలో పడకసీను కృష్ణుడు ఒకరు, రాయబారం సీను కృష్ణుడు మరొకరు. ఎవరి పద్యం కోసం వచ్చేవాళ్లు వాళ్ల సమయానికి వచ్చి కూర్చునేవారట. ప్రారంభకుల పేర్లు ఎక్కడో అడుగున చిన్నగా ఉన్నాయి. ఇప్పుడు ఆ వరస తలకిందులైంది.

1929లో సురభి వనారస గోవిందరావు గారి చొరవతో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టింది తెనాలిలోనే. స్త్రీ పాత్రలతోనే పేరు తెచ్చుకుని పద్మశ్రీ అందుకున్న స్థానం నరసింహారావు గారు ఆడిన ఊరు ఇది. ఆ గొప్పలు ఏటా చెప్పుకుంటాం. ఈ శుక్రవారం ఏ నాటకం ఉందో మాత్రం ఊళ్లో సగం మందికి తెలియదు.

ఇంకో మాట, ఇది నిర్వాహకులకు కూడా. సభ ఎన్నింటికి, ప్రదర్శన ఎన్నింటికి అన్నది విడివిడిగా చెప్పండి, వేయండి. ఆరింటికని వెళ్తే జ్యోతి ప్రజ్వలన, సన్మానాలు, సందేశాలు అయ్యేసరికి ఎనిమిది దాటుతోంది. కళాకారులు మేకప్ వేసుకుని చెమటలు కక్కుతూ తెర వెనకే నిలబడి ఉంటారు. ఎప్పుడు ముగుస్తుందో కూడా రాయాలి. గుంటూరులో చూసి తెనాలికి తిరిగి రావాల్సిన ఆడవాళ్లకు ఆఖరి బస్సు టెన్షన్ అంతా ఇంతా కాదు. అందుకే చివరి నాటిక సగంలో లేచి వచ్చేస్తాం. ప్రవేశం ఉచితమా, టికెట్టా, చక్రాల కుర్చీ లోపలికి వెళ్తుందా అన్నవి ఒక్కో మాటలో చెప్పొచ్చు. అతిథుల పేర్లలో నాలుగు తగ్గిస్తే వీటన్నిటికీ చోటు దొరుకుతుంది.

ఉగాది దగ్గర పడింది. కవి సమ్మేళనాలుంటాయి. మార్చి 27 ప్రపంచ రంగస్థల దినోత్సవం. శ్రీరామనవమి పందిళ్లలో హరికథలు, అక్కడక్కడా బుర్రకథలు ఉంటాయి. బుర్రకథ నాజర్ పుట్టిన జిల్లాలో బుర్రకథ ఏ పందిట్లో ఉందో వెతుక్కోవాల్సి రావడం ఏం బాగుంటుంది? ఏప్రిల్ 16న కందుకూరి వీరేశలింగం గారి జయంతి, తెలుగు నాటకరంగ దినోత్సవం. ఈ రోజుల్లో శీర్షిక మొదలుపెడితే మొదటి నెలకు సరుకు కరువుండదు. వివరాలు ఏ రోజులోగా, ఏ నంబరుకు పంపాలో వచ్చే శనివారం అనుబంధంలో ప్రకటించండి. మా వీధి పందిరి కమిటీ వాళ్లతో మొదటి కబురు పంపించే పూచీ నాది.

– ఒక పాఠకురాలు, తెనాలి