టైపింగ్ పనికి డబ్బు కట్టకండి, తెలుగు వస్తే అసలు పని వేరే ఉంది

సంపాదకుల గారికి,

‘ఇంట్లో కూర్చుని టైపింగ్, నెలకు 25 వేలు, అనుభవం అక్కర్లేదు’ అంటూ వచ్చే ప్రకటనల గురించి ఈ ఉత్తరం. చదువు పూర్తయి ఉద్యోగం దొరకని పిల్లలు, చంటిబిడ్డతో గడప దాటలేని తల్లులు వీటిని నమ్మి ఫోన్ చేస్తున్నారు. పోయే డబ్బు ఐదారు వేలే కావచ్చు, ఆ తర్వాత వచ్చే నోటీసుల భయం మాత్రం నెలల తరబడి వదలదు.

ఈ మోసం నడిచే తీరు ఇది. ముందు ఆధార్, పాన్, ఒక సెల్ఫీ తీసుకుంటారు. ఆన్‌లైన్‌లో ఒప్పందంపై సంతకం చేయిస్తారు. ఐదారు రోజుల్లో కొన్ని వందల ఫారాలు నింపాలి, 90 శాతానికి పైగా తప్పుల్లేకుండా ఉండాలి అన్నది షరతు. ఫారాలన్నీ మసకబారిన స్కాన్ బొమ్మలు. వాటిలో సున్నా ఏదో ‘ఓ’ అక్షరం ఏదో, ఒకటి ఏదో ‘ఎల్’ ఏదో పోల్చుకోలేం. కాపీ పేస్ట్ కుదరదు. గడువు ముగిసే రోజున సర్వర్ మొరాయిస్తుంది. నిద్ర మానుకుని పూర్తి చేసినా ‘మీ పని 84 శాతమే సరిగ్గా ఉంది’ అని ఒక మెయిల్ వస్తుంది. తప్పు ఎక్కడో చూపించమంటే, పేరు తర్వాత ఖాళీ ఎక్కువైందనో, చివర చుక్క పెట్టలేదనో అంటారు. అసలు ఆ ఫారాలతో ఎవరికీ అవసరం లేదు. టైపు చేయించుకోవడం వాళ్ల వ్యాపారం కాదు. ఆ తర్వాత అడిగే ‘పోర్టల్ ఛార్జీలు’, ‘ఒప్పందం రద్దు రుసుము’ వాళ్ల వ్యాపారం. కట్టకపోతే లాయరు పేరున్న కాగితం, కోర్టు ముద్ర, అరెస్ట్ వారెంట్ అన్న మాట, అన్నీ వాట్సాప్‌లోనే దిగుతాయి. ఒకసారి కట్టినవాళ్లకు రెండోసారి ఇంకా పెద్ద అంకె వస్తుంది, భయపడే మనిషి దొరికారని వాళ్లకు తెలిసిపోయింది కాబట్టి.

ఇలాంటి నోటీసు అందినవాళ్లకు తెలియాల్సిన సంగతులు కొన్ని ఉన్నాయి. ఒప్పందం ప్రకారం పని పూర్తి చేయకపోవడం సివిల్ వివాదమే. అంతమాత్రానికి పోలీసులు ఎవరినీ అరెస్టు చేయరు. 1872 నాటి భారత ఒప్పంద చట్టం 74వ సెక్షన్ ప్రకారం, కాగితం మీద జరిమానా ఎంత రాసుకున్నా కోర్టు ఇప్పించేది ఆ మొత్తానికి మించని న్యాయమైన పరిహారమే. కేసు నిజంగా పడితే దానికి 16 అక్షరాలు, అంకెలు కలిసిన సీఎన్ఆర్ నంబరు ఉంటుంది. ఈ-కోర్ట్స్ యాప్‌లో ఆ నంబరు కొడితే కేసు ఉందో లేదో నిమిషంలో తేలిపోతుంది. నిజంగానే కోర్టు సమన్లు వస్తే మాత్రం పక్కన పడేయకూడదు. మహిళలకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది, అందుకు 15100కు ఫోన్ చేయవచ్చు. డబ్బు పంపేసి ఉంటే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చెబితే అవతలి ఖాతాలో సొమ్ము ఆపే అవకాశం అంత ఎక్కువ. ఒప్పందం కాపీ, వాట్సాప్ సంభాషణ, యూపీఐ లావాదేవీ నంబరు చెరిపేయకుండా దాచుకోవాలి. చాలామంది భయంతో నంబరును బ్లాక్ చేసి, సంభాషణంతా తుడిచేసి సాక్ష్యం పోగొట్టుకుంటున్నారు.

టెలిగ్రామ్‌లో వీడియోలకు లైకులు, హోటళ్లకు రేటింగులు ఇచ్చే పని ఇంకో రకం. మొదట నూట యాభై, రెండు వందలు నిజంగానే వేస్తారు. తర్వాత ‘ముందు మీరు కట్టండి, కలిపి ఇస్తాం’ అంటారు. అక్కడితో ఆగిపోవాలి. మీ బ్యాంకు ఖాతానో, ఫ్రీలాన్స్ సైట్లోని మీ ప్రొఫైల్‌నో నెలకింత అద్దెకు ఇవ్వమని అడిగేవాళ్లూ ఉన్నారు. ఆ ఖాతాలోకి మోసపు సొమ్ము వస్తే పోలీసులు వెతుక్కుంటూ వచ్చేది మీ ఇంటికే.

ఇంటినుంచి చేసే పని అసలు లేదా అంటే, ఉంది. ముఖ్యంగా తెలుగు బాగా వచ్చినవాళ్లకు ఉంది. యాప్‌ల అనువాదం, వీడియోలకు సబ్‌టైటిళ్లు, ఆడియో విని రాయడం, కృత్రిమ మేధ కోసం తెలుగు వాక్యాలు సరిచూడడం, ఇవన్నీ డబ్బిచ్చి చేయించుకునే పనులే. అయితే ఇక్కడ మనవాళ్లు తరచూ తడబడేది యూనికోడ్ దగ్గర, అంటే ఏ కంప్యూటర్లోనైనా తెలుగు తెలుగుగానే కనబడే పద్ధతి దగ్గర. డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో ఏళ్ల తరబడి వేగంగా కొట్టినవారి ఫైలు కూడా అవతలివాళ్ల కంప్యూటర్లో పిచ్చి గీతలుగా కనబడుతుంది, ఎందుకంటే ఆ ఫాంటు లేనిచోట అవి తెలుగు అక్షరాలే కావు. కన్వర్టర్‌లో వేస్తే ‘రాష్ట్రం’, ‘లక్ష్మి’ లాంటి మాటల్లో ఒత్తులు చెదిరిపోవచ్చు, ప్రతి పేజీ మళ్లీ చదువుకోవాల్సిందే. నేరుగా యూనికోడ్‌లో కొట్టే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకోవడానికి రోజుకు గంట చొప్పున ఒక నెల కేటాయిస్తే ఈ బెడద తీరుతుంది. ‘ఫేస్‌బుక్’ అని విడిగా నిలవాల్సిన పొల్లు ‘ఫేస్బుక్’ అని ఒత్తుగా మారిపోకుండా జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కంటికి కనబడని గుర్తు ఎలా కొట్టాలో తెలిసిన టైపిస్టును ఏజెన్సీలు మళ్లీ మళ్లీ పిలుస్తాయి. చిన్న సంగతే, కానీ నాణ్యత చూసేవాళ్ల కన్ను ముందుగా పడేది అక్కడే.

రేటు మాట్లాడేటప్పుడు ఒక జాగ్రత్త. అనువాదానికి లెక్క మూలంలోని ఇంగ్లిషు మాటల మీదే కట్టాలి, తెలుగు మాటల మీద కాదు. ‘ఇన్ ద హౌస్’ అనే మూడు మాటలు మనకు ‘ఇంట్లో’ అనే ఒక్క మాట. తెలుగు మాటలు లెక్కపెట్టి ఇస్తామన్న ఏజెన్సీకి ఒప్పుకుంటే కూలి బాగా తగ్గిపోతుంది. అలాగే ‘యంత్రానువాదం సరిచేయడమే’ అని తక్కువ రేటు చెబితే ఫైలు తెరిచి రెండు పేజీలు చూడకుండా సరే అనకూడదు. యంత్రం చేసింది బాగోకపోతే మొదటినుంచి రాయడం కన్నా దిద్దడానికే ఎక్కువ సేపు పడుతుంది. ఆడియో పనికి ఇచ్చేది ఆడియో నిమిషాలకే, మీరు కూర్చున్న గంటలకు కాదు. ఇద్దరు ముగ్గురు ఒకేసారి మాట్లాడే గంట ఆడియోకు నాలుగైదు గంటలైనా పడుతుంది, ఆ లెక్కన రేటు గిట్టుబాటవుతుందో లేదో చూసుకోవాలి. పరీక్ష కింద 200, 300 మాటలు ఉచితంగా చేసివ్వడం అలవాటులో ఉన్నదే. పుస్తకంలో ఒక అధ్యాయం మొత్తం ‘శాంపిల్’ అంటే మాత్రం అభ్యర్థులందరికీ తలా ఒక ముక్క పంచి పని కానిచ్చుకుంటున్నారని అనుమానించాలి. కొత్త ఏజెన్సీ గురించి అనువాదకుల సైటు ప్రోజ్‌లోని బ్లూ బోర్డ్‌లో తోటి అనువాదకులు ఏమన్నారో చూడవచ్చు.

ఫ్రీలాన్స్ పనులు దొరికే అప్‌వర్క్, ఫైవర్ లాంటి ఆన్‌లైన్ వేదికల గురించి కొంత. ఫైవర్ మన సంపాదనలో 20 శాతం కోసుకుంటుంది, ఆర్డరు పూర్తయ్యాక కొత్తవారికి సొమ్ము చేతికి రావడానికి 14 రోజులు పడుతుంది. అప్‌వర్క్‌లో దరఖాస్తుకు ‘కనెక్ట్స్’ అనే టోకెన్లు ఖర్చవుతాయి, అవి అయిపోతే కొనుక్కోవాలి. కాబట్టి అన్నింటికీ ఒకే ఉత్తరం పంపితే డబ్బు దండగ. క్లయింట్ ముందుగా చూసేది మొదటి రెండు వరుసలే. అక్కడ మీ డిగ్రీ గురించి కాక, ఆయన ఫైలును ఏ సాఫ్ట్‌వేర్లో, ఎన్ని రోజుల్లో, ఎలా చేసిస్తారో రాయాలి. ఒకే మొత్తానికి కుదుర్చుకున్న పనిలో ఎస్క్రోలో, అంటే పని అయ్యేదాకా సైటు పట్టి ఉంచే ఖాతాలో, సొమ్ము పడిందని సైట్లో కనిపించేదాకా ఒక్క వాక్యం కూడా మొదలుపెట్టవద్దు. పని అప్పగించాక దాన్ని చూసి ఆమోదించడానికి క్లయింట్‌కు 14 రోజుల గడువు, ఆమోదించాక సొమ్ము కోసం మరో 5 రోజులు ఆగాలి. గంటల లెక్కన చేసే పనిలో వారం ముగిసేది మన సోమవారం తెల్లవారుజామున 5.30కి. పని గంటలను నమోదు చేసే సైటు ట్రాకర్ పెట్టకుండా చేతితో గంటలు రాసుకుంటే క్లయింట్ ఎగ్గొట్టినప్పుడు సైటు పూచీ ఉండదు. ఒప్పందం కాకముందే ‘టెలిగ్రామ్‌కి రండి’ అన్నా, వంద పేజీల పీడీఎఫ్‌ని టైపు చేస్తే వెయ్యి డాలర్లన్నా, ‘సెక్యూరిటీ డిపాజిట్’ అన్నా అది మొదట చెప్పిన మోసానికి విదేశీ వేషమే. అప్పుడే ఫిర్యాదు బటన్ నొక్కాలి.

మన దేశంలోని క్లయింట్లు ఆలస్యం చేస్తే ఏం చేయాలో చాలామందికి తెలియదు. ముందుగా ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారంగా ప్రభుత్వం దగ్గర నమోదు, చేయించుకుని ఉండాలి. అది పూర్తిగా ఉచితం, అందుకు డబ్బు అడిగే సైట్లు ప్రభుత్వానివి కావు. చిన్న వ్యాపారాల కోసం వచ్చిన 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం ఒప్పందంలో ఏం రాసుకున్నా 45 రోజుల్లో చెల్లించాలి, గడువు రాసుకోకపోతే 15 రోజుల్లో. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్ల చొప్పున చక్రవడ్డీ కట్టాలి. ఈ సంగతి ఇన్‌వాయిస్ అడుగున ఒక వరుసగా రాస్తే చాలాసార్లు ఫిర్యాదు దాకా వెళ్లనక్కర్లేదు. టీడీఎస్ కింద, అంటే ముందుగానే పట్టుకునే ఆదాయపు పన్ను కింద, 10 శాతం కోసి ఇచ్చారని వదిలేసుకోవద్దు. పన్ను పడేంత ఆదాయం లేకపోతే రిటర్ను వేసి తిరిగి తెచ్చుకోవచ్చు.

పత్రికకు ఒక విన్నపం. ‘ఇంటినుంచి పని’ ప్రకటన ఇవ్వడానికి వచ్చినవారిని 21 అక్షరాలు, అంకెల కంపెనీ గుర్తింపు సంఖ్య, ఆఫీసు చిరునామా అడగండి. కార్పొరేట్ వ్యవహారాల శాఖ సైట్లో ఆ సంఖ్యను ఉచితంగా సరిచూడవచ్చు. ఒట్టి మొబైల్ నంబరు తప్ప మరేమీ ఇవ్వనివారి ప్రకటన వేయకండి. వేసిన ప్రకటనల పక్కన 1930, 15100 అనే ఈ రెండు నంబర్లు ప్రతిరోజూ అచ్చు వేయండి.

ఇట్లు,
ఒక అనువాదకురాలు, హనుమకొండ