జరావాలు టూరిస్ట్ స్పాట్ కాదు సార్

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ ఆదివారం అనుబంధంలో అండమాన్ రోడ్ ట్రిప్ మీద వేసిన వ్యాసం చదివాను, ఫొటోలు చాలా బాగున్నాయి, కానీ మధ్యలో "అదృష్టం ఉంటే దారిలో జరావాలు కూడా కనిపిస్తారు" అని ఒక లైన్ పెట్టారు చూడండి, అది చూశాక రాయకుండా ఉండలేకపోయా. జరావాలంటే అండమాన్ అడవుల్లో బతికే ఆదిమ తెగ మనుషులు, అదృష్టం ఉంటే కనిపించడానికి వాళ్ళేమన్నా జింకలా?

మా చుట్టాలు మిడిల్ అండమాన్ దీవిలోని రంగత్‌లో ఉంటారు, అందుకని ఆ రోడ్డు, అదే అండమాన్ ట్రంక్ రోడ్డు, నాకు తెలుసు. పోర్ట్ బ్లెయిర్ నుంచి (2024లో శ్రీ విజయపురం అని మార్చారు, నోటికి మాత్రం పాత పేరే వస్తుంది) తెల్లారకముందే బయల్దేరి జిర్కాటాంగ్ చెక్‌పోస్ట్ దగ్గర లైన్లో పడాలి, పేర్లు రాయించుకున్నాక టైం ప్రకారం బళ్ళన్నిటినీ కాన్వాయ్‌గా వదుల్తారు. అక్కణ్ణుంచి మిడిల్ స్ట్రెయిట్ అనే జలసంధి దాకా దాదాపు 50 కిలోమీటర్లు జరావా రిజర్వ్ అడవే. బండి ఆపకూడదు, ఫొటో తియ్యకూడదు, తినేవి ఇవ్వకూడదు, బోర్డులు కూడా ఉన్నాయి. అయినా మా ముందు వ్యాన్‌లో వాళ్ళు అద్దాలు దించి బిస్కెట్ ప్యాకెట్లు చేత్తో పట్టుకుని రెడీగా కూర్చున్నారు, మా బండిలోనే ఒకాయన "కాస్త స్లో చెయ్యి బాబూ, పిల్లలు చూస్తారు" అని డ్రైవర్ని ఒకటే బతిమాలడం. డ్రైవర్ వినలేదు, మంచి పని చేశాడు.

2011 జనాభా లెక్కల్లో జరావాలు 380 మంది. అంతే. 1990ల చివరిదాకా బయటివాళ్ళని దగ్గరికి రానిచ్చేవాళ్ళు కాదు, రాకపోకలు మొదలైన కొద్దికాలానికే 1999లో తట్టు పాకింది. మన తుమ్మూ దగ్గూ కూడా వాళ్ళకి ప్రమాదమే, బిస్కెట్ సంగతి తర్వాత. 2002లో సుప్రీంకోర్టు రిజర్వ్ లోపలి రోడ్డు మూసెయ్యమంది, మూయలేదు. 2012లో జరావా ఆడవాళ్ళ చేత టూరిస్టుల ముందు డాన్సులు చేయించిన వీడియో బయటికొచ్చి ప్రపంచమంతా గోలయింది, మరుసటేడు కోర్టు కొన్ని వారాలు టూరిస్టుల్ని ఆపింది, మళ్ళీ వదిలేశారు. రోడ్డు పూర్తిగా మూసేస్తే ఉత్తరాన ఉన్న రంగత్, మాయాబందర్, దిగ్లీపూర్ ఊళ్ళ జనం పోర్ట్ బ్లెయిర్ పెద్దాసుపత్రికి ఎలా రావాలి అన్నది కూడా నిజమే, మా చుట్టాలూ అదే అంటారు, కాదనలేను. వాళ్ళకి అవసరం. మరి మనకి?

ఆ దారిలో రాయాల్సింది ఫెర్రీ గురించి. అడవి అయిపోగానే ఎదురుగా నీళ్ళు, గోదావరి పంటు లాంటి వెడల్పాటి ఫెర్రీ, బస్సులూ కార్లూ బైకులూ కూరగాయల బండ్లూ అన్నీ దాని మీదే, జనం కిందకి దిగి బళ్ళ సందుల్లో నిలబడతారు, పావుగంటలో బారాటాంగ్ దీవి. అవతల చిన్న స్పీడ్‌బోట్‌లో మడ అడవి పాయలోకి వెళ్తే రెండుపక్కల చెట్లూ పైన కలిసిపోయి ఎండ కూడా సరిగ్గా దిగదు, మొసళ్ళుంటాయి కాబట్టి చెయ్యి నీళ్ళలో పెట్టనివ్వరు. దీనికి మీరు రెండు లైన్లిచ్చి బురద అగ్నిపర్వతానికి పేరా ఇచ్చారు, అది నిజానికి బుడగలొచ్చే బురద గుంట. ఇంకోటి, దారిలో రెండు ఫెర్రీలు అని రాశారు, రెండోచోట ఇప్పుడు ఆజాద్ హింద్ ఫౌజ్ సేతు ఉంది.

ఇంత బాగుందని చెప్పి వెళ్ళొద్దంటావేంటి అంటారేమో. టూరిస్టుగా వెళ్ళేవాళ్ళకి వేరే దారుంది, నేను తిరుగు ప్రయాణం అలాగే వచ్చాను. పోర్ట్ బ్లెయిర్‌లోని ఫీనిక్స్ బే జెట్టీ నుంచి గవర్నమెంట్ బోట్లు హావ్‌లాక్ (ఇప్పుడు స్వరాజ్ ద్వీప్), లాంగ్ ఐలాండ్ వైపుగా రంగత్ వెళ్తాయి, ఒక్కో దీవిలో ఆగుతూ పోవచ్చు. రంగత్‌లో దిగి బస్సెక్కితే మాయాబందర్ మీదుగా దిగ్లీపూర్ దాకా అదే ట్రంక్ రోడ్డు, జరావా అడవి తగలదు. దిగ్లీపూర్ దగ్గర రాస్, స్మిత్ అని జంట దీవులు, నీళ్ళు తగ్గినప్పుడు మధ్యలో ఇసుక దారి తేలుతుంది, నడిచి ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్ళొచ్చు. ఓపికుంటే 732 మీటర్ల శాడిల్ పీక్ ఎక్కొచ్చు. బారాటాంగ్ మిస్సవుతుంది, నిజమే, పోనివ్వండి.

బోట్‌లో ఏసీ హంగులేమీ ఆశించొద్దు, సముద్రం బాగోకపోతే కాన్సిల్ కూడా చేస్తారు కాబట్టి చేతిలో ఒక రోజు ఎక్స్‌ట్రా ఉంచుకోవాలి, రిటర్న్ ఫ్లైట్ మర్నాడే పెట్టుకుని ఆ తర్వాత తిట్టుకునేవాళ్ళని చూశాను. టైమింగ్స్ మారుతుంటాయి, ఈసారి మీ విలేకరితో కనుక్కుని అవి వెయ్యండి. ఆన్‌లైన్ ఎడిషన్‌లో ఆ "అదృష్టం" లైన్ ఇంకా అలాగే ఉంది, దయచేసి తీసేయించండి.

ఇట్లు,
మీ పాఠకుడు