బహుమతి ఆవు వెనుక ఉన్న పుస్తకం

సంపాదకులకు నమస్కారం.

పశు ప్రదర్శనలో మొదటి బహుమతి పొందిన ఆవుల ఫోటోలను పత్రికలు ఆదరంగా ప్రచురిస్తున్నందుకు పాడి రైతుగా సంతోషిస్తున్నాను. అయితే ఆ ఆవు రోజుకు ఎన్ని లీటర్లు ఇచ్చిందో చెప్పి వార్త ముగించడం మాత్రం వెలితిగా తోస్తుంది. మేలుజాతి మంద డబ్బు పెట్టి కొంటే వచ్చేది కాదు. ఎదకు వచ్చిన ఆవుకు ఏరికోరిన ఆబోతు వీర్యంతో గర్భధారణ చేయిస్తే సుమారు 280 రోజులకు దూడ పుడుతుంది. అది పెయ్య (ఆడదూడ) అయి, పెరిగి, చూడి కట్టి ఈనడానికి మరో రెండేళ్లకు పైగా పడుతుంది. తొలి ఈత (కాన్పు) తర్వాత, ప్రమాణంగా తీసుకునే 305 రోజుల పాల లెక్క పూర్తయితే గానీ మన ఎంపిక సరైనదో కాదో తేలదు. ఒక్క నిర్ణయానికి జవాబు రావడానికి దాదాపు నాలుగేళ్లు!

అందుకే మా మంద వివరాలను మా అమ్మ రాసి పెట్టిన పుస్తకంలో ప్రతి ఆవు పేరు కింద దాని తల్లిదండ్రులు, ఎద తేదీలు, ఏ చన్నుకు పొదుగువాపు వచ్చిందనే వివరం కూడా ఉంటాయి. మందలో అన్నిటికంటే ఎక్కువ పాలిచ్చిన ఆవు సంతతిని మేము పెంచలేదు. దాని గిట్టలు బలహీనమని, ఆ లోపం కూతుళ్లకూ వచ్చిందని ఆ పుస్తకమే చెప్పింది. ఆ నిర్ణయం తీసుకున్న రోజు ఇంట్లో ఎవరికీ మనసు ఒప్పలేదు. దూడకు పుట్టిన తొలి గంటల్లో ముర్రుపాలు పట్టడం, దగ్గరి రక్తసంబంధమున్న ఆబోతును వాడకపోవడం కూడా ఇంతే ముఖ్యం.

కాబట్టి బహుమతి వార్తలో ఆ ఆవు వంశాన్ని, ఎన్ని ఈతలు ఈనిందో, దాని పెయ్యలు ఎలా ఉన్నాయో కూడా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాడి రైతు